గట్టు మీద గడ్డి

ఈమధ్య దాన్ని మా పొలం అనడం మానేశాను. కాగితాల మీద నాదే. పటాన్‌చెరు వైపు ఒక ప్లాంటులో ఉద్యోగం ఉండగానే, పన్నెండేళ్ల కిందట లక్డారం దగ్గర ఎకరం పది గుంటలు కొన్నాను. తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి కదా, చారెడు నేల లేకపోతే మనిషినే కాదనిపించేది. కానీ ఆ పొలాన్ని పొలంలా నిలబెట్టింది నేను కాదు, నాకు దాన్ని అమ్మిన మొగులయ్య.

మొగులయ్య నా ఈడువాడే. కొడుకు నవీన్ కాలు విరిగి ఆసుపత్రిలో పడితే అమ్మేశాడు. పక్కనే ఇరవై గుంటలు మాత్రం మిగుల్చుకున్నాడు. తర్వాత బొల్లారంలో ఏదో మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరి ఎనిమిది నెలలకే వదిలేశాడు. "ఆ వాసనకు బువ్వ లోపటికి పోతలేదు సారూ" అన్నాడు. అయితే నా పొలం కూడా నువ్వే చూసుకో అన్నాను. ఏమివ్వమంటావంటే నవ్వి, "పంటల సగం. గట్ల మీది గడ్డి మొత్తం నాకిడువుండ్రి, నా బర్రె బతుకుతది" అన్నాడు. అంతే ఒప్పందం. ఇద్దరం ఎన్నడూ దాన్ని మీరలేదు, నేను మీరేదాకా.

ఎకరం పొలం అంటే ఆదివారం పూట చెట్టు నీడన కుర్చీ వేసుకోవడం అనుకునేవాణ్ణి. నా మొహం! మోటారు ఏడాదికి రెండుసార్లు కాలుతుంది. కంచె ఇవాళ బాగుచేస్తే రేపు అడవిపందులు దూరతాయి. మనం వేసిన మొక్క నీళ్లు పోసినా ఎండిపోతుంది, గడ్డి మాత్రం ఎవరూ అడక్కుండానే నడుమెత్తు పెరుగుతుంది. ఈ పాట్లన్నీ మొగులయ్య పడేవాడు. నేను ఆదివారం వెళ్లి వంకలు పెట్టి వచ్చేవాణ్ణి.

పోయిన శ్రావణంలో ప్లాంటు స్నేహితుల్ని పొలానికి భోజనానికి పిలిచాను. మా ఆవిడ నాగేశ్వరికి పాములంటే హడలు. "ఏవండీ, ఆ గట్లు చూశారా? పిల్లలు కూడా వస్తారు" అని ప్రాణం తీసింది. మొగులయ్యకి మూడుసార్లు చెప్పాను. అతను లేతగడ్డి కోస్తాడు, ముదురుగడ్డి వదిలేస్తాడు. అడిగితే, "ముదురుది దానికి సయించది సారూ, సూడి బర్రె" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా పొలంలో గడ్డి కోయించడానికి అతని గేదె ఇష్టాయిష్టాలు కనుక్కోవాలా?

బుధవారం అతను పెళ్లికని సదాశివపేట వెళ్లాడు. నేను పటాన్‌చెరులో గడ్డిమందు కొని, పంపు వీపుకి తగిలించుకుని గట్లన్నీ కొట్టేశాను. మందు ఇచ్చినతను మరీమరీ చెప్పాడు. "పశువుల్ని అటు రానియ్యకుండ్రి సార్. నాలుగు దినాల దాకా గడ్డి పచ్చగనే కనవడ్తది." సరే, మొగులయ్యకి ఫోన్ చేద్దాం అనుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేశాను, అన్నం తిన్నాను, టీవీలో క్రికెట్ చూశాను. మరిచిపోయాను. ఎంత చిన్న మాట!

శుక్రవారం పొద్దున్నే ఫోను. "సారూ, బర్రె వోయింది" అని ఏడుస్తున్నాడు. గడ్డిమందు సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వెళ్లేసరికి పదిమంది చుట్టూ ఉన్నారు. కడుపులోకి విషం పోయిందని చెప్పి పశువుల డాక్టరు వెళ్లిపోయాడట. ఏం విషమో ఊరు అప్పటికే తేల్చేసింది. మోటారు కాలి ఉండడంతో, మొగులయ్య లేని పూట అతని భార్య కౌసల్యమ్మ గేదెను నీళ్లకి వాగు దగ్గరికి తోలింది. వానలకి కంపెనీల నీళ్లు కలిసి ఆ వాగులో నురగలొస్తాయి. ఇంకేం కావాలి?

"వాగుకు తోలకుమని ఎన్నిసార్లు చెప్పిన్నే? సూడి బర్రెను సంపితివి గదనే!" అని అందరి ముందూ అరిచాడు మొగులయ్య. "రెండు బుక్కలు తాగిందయ్యా, అంతే" అంటోంది ఆమె. ఎవరు వింటారు? నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎవరో నావైపు తిరిగి, "ఈ కంపెనీ నీళ్లు గంతే గద సారూ?" అన్నారు. "అవునవును" అన్నాను. ఒకసారి సరిపోనట్టు రెండుసార్లు అన్నాను, ఛీ!

ఆదివారం స్నేహితులు రానే వచ్చారు. ఎండి వాలిపోయిన గట్లు చూసి భలే శుభ్రంగా ఉంచావన్నారు. మొగులయ్య ఆ గట్ల వైపే రాలేదు. గేదె లేనివాడికి గట్టు మీద పనేముంటుంది?

ఆ రోజు నుంచి అతను భార్యతో మాట్లాడటం మానేశాడు. ఆమె వండి గిన్నె ముందు పెట్టేది, అతను తిని లేచేవాడు. నెలా పదిరోజులు అదే వరస. చూడలేక ఇంకో గేదెను కొనిపెడతానన్నాను. మొగులయ్య నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అసొంటోల్లు ఉండవట్టే బతుకుతున్నం సారూ" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు.

మర్నాడు అతను మోటారు దగ్గర ఉంటాడని తెలిసే వాళ్లింటికి వెళ్లాను. పిరికితనం కాకపోతే ఏమిటి? కౌసల్యమ్మ వాకిట్లో బోళ్లు తోముతోంది. నిలబడే అంతా చెప్పేశాను. ఆమె తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ సారూ? నేను సంపలేదని నాకు ఎరుకే. ఎండిన గట్టు నేను సూడలేదనుకున్నవా?"

"మరి మొగులయ్యకి చెప్పలేదా?"

"చెప్పిన. మా సారు అసొంటోడు కాదన్నడు. గిన్ని దినాలల్ల నాతోని గదొక్కటే మాట."

ఆమె చేతులు కడుక్కుని లేచి పక్కనే ఉన్న పొలం వైపు కేక వేసింది. "ఇగో, జల్దీ రా! సారు ముచ్చట చెప్తడంట."

మొగులయ్య గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతను అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

"బేస్తారం సాయంత్రం ఆ గడ్డి నేనే కోసిన. రెండు మోపులు. నేనే ఏసిన దానికి" అన్నాడు. గురువారం, అంటే నేను మందు కొట్టిన మర్నాడు. అయినా నన్నే వెనకేసుకొచ్చాడు. "సారు తెల్వక చేసిండు. యాది మర్సుడు ఎవలకైనా ఉంటది."

"తెల్వక చేసిండు, సరే" అంది కౌసల్యమ్మ. "తెల్సినంక ఎన్ని దినాలు ఊకున్నడో అడుగు."

అతను అడగలేదు. తలెత్తి నా మొహంలోకి చూశాడు, కాదని చెబుతానేమోనని.

"నువ్వు ఫోన్ చేసినప్పుడే తెలుసు మొగులయ్యా" అన్నాను.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అతను భార్య వైపు తిరిగి, "కౌసల్యా, జెర నీళ్లియ్యి" అన్నాడు. ఆమె చెంబుతో తెచ్చిచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చుంది. సగం తాగి చెంబు ఆమె చేతిలో పెట్టాడు, మిగతాది ఆమె తాగింది. నన్ను ఎవరూ కూర్చోమనలేదు.