చెయ్యని తప్పుకి బిల్లు కట్టిన పెద్దల్లుడు

డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు. పరువు పోగొట్టుకున్నవాళ్ళనీ చూసే ఉంటారు. క్యూలో నిలబడి, పక్కవాణ్ణి మోచేత్తో నెట్టి, సొంత డబ్బు కట్టి మరీ పరువు పోగొట్టుకున్నవాణ్ణి చూశారా? చూడకపోతే ఓ పది నిమిషాలు ఇలా కూర్చోండి. నాలుగేళ్ళ కిందట గుడివాడలో ఒక ఎముకల ఆసుపత్రి కౌంటరు ముందు నేను ఆ ఘనకార్యం చేశాను.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నా జబ్బు పేరు రాంబాబు.

రాంబాబు నా తోడల్లుడు. మా ఇద్దరికీ పిల్లనిచ్చింది గుడివాడలో రిటైరైన ఒక లెక్కల మాస్టారు. పెద్దమ్మాయి పద్మని నాకిచ్చారు, చిన్నమ్మాయిని అతనికిచ్చారు. నాది బందరు పక్కనే ఉన్న చిలకలపూడిలో గిల్టు నగల వ్యాపారం. అతనికి నాగాయలంకలో రొయ్యల చెరువులు. నేను ఆ ఇంటికి అల్లుడిగా చేరి మూడేళ్ళ సర్వీసు పూర్తి చేశాక అతను చేరాడు. సీనియారిటీ ప్రకారం చూస్తే నా కింద పనిచెయ్యాల్సినవాడు. కానీ అల్లుళ్ళకి సర్వీసు రూల్సు ఎవరూ రాసిపెట్టలేదు కదండీ! పదమూడేళ్ళయినా మా అత్తగారికి నేను ‘అల్లుడుగారి’నే. అతను మొదటి ఏడాదే ‘మా రాంబాబు’ అయిపోయాడు. నా కంచంలో నెయ్యి చెంచాతో పడేది, అతని కంచంలో గిన్నె వంచితే పడేది.

పోనీ చెడ్డవాడా అంటే, అదీ కాదు. అదే నా బాధ. వచ్చినప్పుడల్లా ఐసుపెట్టె నిండా రొయ్యలు తెస్తాడు. ‘అన్నయ్యా’ అని నోరారా పిలుస్తాడు. చెడ్డవాడయితే హాయిగా తిట్టుకుందును. మంచివాడి మీద కుళ్ళుకోవడమంత కష్టమైన పని లోకంలో ఇంకోటి లేదు. ఆ కష్టం నేను ఏళ్ళ తరబడి, ఒక్క రోజు సెలవు పెట్టకుండా పడ్డాను.

ఆ వేసవి సెలవులకి రెండు కుటుంబాలవాళ్ళం గుడివాడ చేరాం. నేను బందరునుంచి పిల్లలకని ఒక ప్లాస్టిక్ బ్యాటూ, రబ్బరు బంతీ పట్టుకెళ్ళాను. పిల్లలు నన్ను చుట్టుముట్టి ఇంకా థాంక్సు చెప్పడం పూర్తికాలేదు, రాంబాబు కారు డిక్కీ తెరిచాడు. అసలు సిసలు క్రికెట్ కిట్టు! కర్ర బ్యాటు, కాళ్ళకి ప్యాడ్లు, చేతికి గ్లౌజులు, నిగనిగలాడే ఎర్రటి తోలుబంతి. ఆ సాయంత్రం నా బ్యాటుకీ ఒక పాత్ర దొరికింది. వీధిలో ఇసకలో పాతి దాన్ని వికెట్టు చేశారు.

మర్నాడు సాయంత్రం అయిదు గంటలవేళ. నేను మధ్యగదిలో పడుకుని, భోజనాల దగ్గర రాంబాబు కంచంలో పడ్డ రొయ్యలు నా కంచంలోవాటికన్నా ఎన్ని ఎక్కువో లెక్క తేలుస్తున్నాను. బయట టక్కుమని చప్పుడు. వెనకే “అమ్మా!” అని కేక.

పరుగెత్తి చూద్దును కదా, ఎదురింటి సాహితి నేలమీద కూర్చుని కుడిచెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. పదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న శ్రీను ఆ వీధిలోనే టైలరు. పిల్ల మణికట్టు అప్పటికే అప్పంలా పొంగింది. కాస్త దూరంలో బ్యాటు పడి ఉంది. దానికి రెండడుగుల దూరంలో మావాడు అఖిల్, పదకొండేళ్ళవాడు, మొహం పాలిపోయి నిలబడి ఉన్నాడు. రాంబాబు కొడుకు చెర్రీ ఎప్పుడో ప్రహరీ దాటేశాడు. మా మామగారు పంచె పైకి ఎగ్గట్టి, ఆయాసపడుతూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పాపం, పిల్ల కోసం పరుగెత్తి ఉంటారనుకున్నాను.

“ఎవర్రా కొట్టింది?” అన్నాను.

అఖిల్ తల దించుకున్నాడు. మామగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఇంతలో మేడమీద ఫోను మాట్లాడుకుంటున్న రాంబాబు రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. “ఎవరైతే ఏంటన్నయ్యా, ముందు పిల్లని చూడండి” అంటూ సాహితిని రెండు చేతుల మీదా ఎత్తుకుని, శ్రీనునీ వాళ్ళావిడ నాగమణినీ కారెక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఆ ఎత్తుకోవడం ఉంది చూశారూ, వీధి వీధంతా చూసింది. నేను నా స్కూటరు మీద మామగారినీ, మధ్యలో అఖిల్‌నీ కూర్చోబెట్టుకుని వెనకాల బయల్దేరాను. దారిలో ఎన్నిసార్లు అడిగినా వెనకనుంచి ఇద్దరూ ఉలకరు, పలకరు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరిగి పక్కకి జరిగిందనీ, మత్తిచ్చి సరిచేసి కట్టు కట్టాలనీ డాక్టరుగారు చెప్పారు. కౌంటరు దగ్గర అమ్మాయి కాగితం ఇచ్చింది. “ఇరవై వేలవుతుందండీ. ముందు కట్టేయాలి.”

శ్రీను ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. “పర్లేదండీ మాస్టారూ, పిల్లలాట కదా” అన్నాడు మా మామగారితో.

“పర్లేదేంటి?” అంది నాగమణి. “మన సర్కారు కార్డు ఇక్కడ చెల్లదంటన్నారు. జాకెట్టుకి వందా నూటయాభై తీసుకునేవాడివి, ఇరవై వేలు ఎక్కణ్ణుంచి తెస్తావు? కొట్టినోళ్ళు కట్టాలి గానీ!”

న్యాయమైన మాట. మా మామగారు తల వంచుకున్నారు. నోరు తెరిచి ఏదో అనబోయారు కూడా. సరిగ్గా అప్పుడే రాంబాబు ముందుకొచ్చాడు.

“అక్కా, నువ్వు కంగారుపడకు. ఎవరు కొట్టారన్నది వదిలెయ్. బంతి నేను తెచ్చింది. నేను కట్టేస్తా” అని జేబులోంచి కార్డు తీశాడు.

అప్పుడే ఆటో దిగి వచ్చిన మా అత్తగారు ఆ మాట విన్నారు. కళ్ళు చెమర్చాయి. “మా రాంబాబు బంగారం!” అన్నారు.

బంగారం! ఆ మాట ఒక గిల్టు నగల వ్యాపారి ఎదురుగా అనొచ్చాండీ? స్కూటరు డిక్కీలో గుడివాడ కొట్లనుంచి వసూలు చేసిన సరుకు డబ్బుంది. పనివాళ్ళకి సోమవారం ఇవ్వాల్సిన కూలి అది. నా బుర్ర ఆ సంగతి గుర్తుచేసేలోపే నా నోరు తెరుచుకుంది.

“ఆగవయ్యా! నువ్వెందుకు కడతావు? కొట్టింది మావాడు!”

హాలంతా తిరిగి చూసింది. అఖిల్ నోరు తెరిచాడు.

“అన్నయ్యా, బంతి నాదంటున్నాగా” అన్నాడు రాంబాబు.

“బంతి ఎవరిదైతే ఏంటి? బ్యాటు పట్టినవాడిది తప్పు!”

“బ్యాటూ నేను తెచ్చిందే.”

“కత్తి అమ్మినవాణ్ణి జైల్లో వేస్తారేంటయ్యా? పొడిచినవాణ్ణి వేస్తారు గానీ. పొడిచింది నా కొడుకు!”

“అన్నయ్యా, నా మాట విని వదిలెయ్యండి” అంటూ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. అది సైగ. నాకు అర్థంకావాల్సిన సైగ. కానీ అసూయతో మండుతున్నవాడికి సైగలు కనబడవు. నేను ఆ చెయ్యి విదిలించి అతన్ని మోచేత్తో పక్కకి నెట్టాను.

“సార్, ఎవరో ఒకరు కట్టండి, వెనక లైనుంది” అంది కౌంటరు అమ్మాయి.

“కట్టమన్నా కట్టనోళ్ళని చూశాం గానీ, తప్పు మాదంటే మాదని కొట్టుకునేవోళ్ళని ఇదే చూట్టం” అన్నాడు లైన్లో నిలబడ్డ ముసలాయన, చంకలో కర్రతో.

నేను పరుగెత్తి డిక్కీలో డబ్బు తెచ్చి, అన్నీ అయిదువందల నోట్లే, లెక్కపెట్టి కట్టేశాను. “పేషెంటుకి మీరేమవుతారు?” అనడిగితే, “దెబ్బ కొట్టినవాడి తండ్రిని” అని ఛాతీ విరిచి చెప్పాను. పిల్లాడికి పద్మశ్రీ వచ్చినా అంత గర్వంగా చెప్పి ఉండను.

తర్వాత అత్తగారి వంక చూశాను. ఆవిడ తల ఊపి, “పెద్దల్లుడుగారు కూడా మంచివారే” అన్నారు.

కూడా! ఇరవై వేలు పోస్తే నాకొచ్చింది ‘కూడా’! ఆ ‘కూడా’ని ఎలాగైనా ఊడబెరకాలి. రాంబాబు చెయ్యలేనిది నేను చెయ్యాలి. అఖిల్ జబ్బ పట్టుకుని నాగమణి ముందు నిలబెట్టాను.

“సారీ చెప్పరా! కాళ్ళకి దణ్ణం పెట్టు! మా ఇంట్లో తప్పు చేస్తే ఒప్పుకోవడం నేర్పుతాం!”

“నేను కొట్టలేదు నాన్నా” అన్నాడు వాడు మెల్లిగా.

“అబద్ధం కూడానా? మరెవరు కొట్టారు?”

వాడు పెదవి బిగపట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం జారాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ తన భుజాలు తడుముకున్నాడట. నేను ఏ పాపం ఎరగని కొడుకు భుజాలకి నా చేతుల్తోనే బూడిద పూస్తున్నాను. ఆ సంగతి అప్పటికీ నాకు తట్టలేదు. నాగమణే జాలిపడి, “పోన్లెండి బాబుగారూ, పసోడు” అంది.

అప్పుడు బెంచీ మీంచి మా మామగారు లేచారు.

“వాణ్ణి వదలండి అల్లుడుగారూ. కొట్టింది వాడు కాదు.”

“మరెవరండీ?”

“నేను.”

మామగారు తప్పుచేసిన కుర్రాడిలా నిలబడి చెప్పారు. “పిల్లలు బ్యాటు వంకరగా పట్టుకుంటుంటే, ఇలాకాదర్రా, ఒక్క బంతి వెయ్యండి చూపిస్తానన్నాను. కాలేజీ రోజుల్లో ఆడేవాణ్ణి కదా, చెయ్యి ఆగలేదు. పిల్ల క్యాచ్‌కి చెయ్యి పెట్టింది. బ్యాటు పట్టుకునేముందే, అమ్మమ్మకి చెప్పొద్దని అఖిల్ చేత ఒట్టేయించుకున్నాను. శ్రీనూ, నన్ను క్షమించవయ్యా. డబ్బు దగ్గర నోరు విప్పుదామనుకునేసరికి వీళ్ళిద్దరూ అందుకున్నారు.”

శ్రీను “అయ్యో మాస్టారూ, మీరలా అనకండి” అని చేతులు పట్టుకున్నాడు. మా అత్తగారు మాత్రం పట్టుకోలేదు. ఆయన గుండెకి స్టెంటు వేసి అప్పటికి ఎనిమిది నెలలు.

“మెట్లెక్కొద్దన్నారే డాక్టరుగారు! సిక్సరు కొట్టొచ్చన్నారా?”

“సిక్సరు కాదే, స్ట్రెయిట్ డ్రైవు…”

“ఇంటికి పదండి, నేను చూపిస్తా డ్రైవు!”

గంట తర్వాత సాహితిని గదిలోకి తెచ్చారు. చెయ్యి మోచేతిదాకా కట్టు. మత్తు వదిలీ వదలగానే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, “మాస్టారూ, బంతి చేతిలోంచి జారలేదు. మీరు అవుటే కదా?”

“అవుటేనమ్మా, అవుటే” అన్నారు మామగారు, కళ్ళొత్తుకుంటూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, అఖిల్ నా వైపు చూడలేదు.

బయట టీ కొట్టు దగ్గర రాంబాబు గ్లాసు నా చేతికిచ్చాడు. “మేడమీంచి నేను చూశానన్నయ్యా. మావయ్యగారు నలుగుర్లో తలదించుకోకుండా గుట్టుగా కట్టేద్దామనుకున్నా. చెయ్యి నొక్కాను కూడా. మీరేమో…” అని ఆగిపోయాడు.

మీరేమో సొంత కొడుకుని బోనెక్కించారు అని మాత్రం అనలేదు. అనకపోవడం ఎంత గొప్పగా ఉందంటే, ఆ గొప్పతనం చూసి కూడా నాకు కుళ్ళొచ్చింది!

ఇంటికెళ్ళాక కథంతా విన్న మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు. మీరు కందా కాదు, కత్తిపీటా కాదు. పక్కింటి కూర చూసి గోక్కునే రకం.”

మర్నాడు పొద్దున్నే మామగారు బ్యాంకు మిషను దగ్గరికెళ్ళి పెన్షను డబ్బు తీసుకొచ్చి, ఇరవై వేలూ నా చేతిలో పెట్టారు. వద్దంటే వినలేదు. “ఎవరి తప్పుకి వాళ్ళే కట్టాలి. లెక్క సరిచూసుకోండి” అన్నారు. సరిచూసుకున్నాను. డబ్బయితే తిరిగొచ్చింది. నేను పెద్దమనిషినయింది కూడా దాంతోపాటే రద్దయిపోయింది.

ఇక మిగిలింది అఖిల్. పెరట్లో వాడి పక్కన కూలబడ్డాను. “తప్పు నాదిరా. నిన్నడక్కుండా అలా అనకూడదు. నువ్వు తాతయ్య మాట నిలబెట్టావు, నేను నీ మాట నమ్మలేదు. నువ్వేం శిక్ష వేసినా పడతాను. ఏం కావాలో అడుగు” అన్నాను.

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నా ప్రాణం లేచొచ్చింది.

“నాన్నా, నేను బాబాయితో నాగాయలంక వెళ్ళి సెలవులయ్యేదాకా అక్కడే ఉంటా.”

వెళ్ళాడండీ. ముందు సీట్లో, రాంబాబు పక్కన కూర్చుని, చెయ్యి ఊపుతూ మరీ వెళ్ళాడు.

అందుకని ఆ రోజు గుడివాడ నడివీధిలో నిలబడి, కారు రేపిన దుమ్ము కళ్ళలో పడుతుండగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రతిజ్ఞ చేశాను. ఇక నా బొందిలో ప్రాణముండగా ఏ ఆసుపత్రిలోనైనా, ఏ హోటల్లోనైనా, రాంబాబు బిల్లు కడతానంటే అడ్డుపడను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, చిరునవ్వుతో పక్కకి తప్పుకుంటాను. నాలుగేళ్ళుగా ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. దానివల్ల నా ఖర్చు కూడా బాగా తగ్గింది.

కుళ్ళుకోవడం మానతానని మాత్రం ఒట్టు పెట్టలేదు. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు కదండీ!