చూసినవాడి పేరు

అంజయ్యకు ఆ ఉద్యోగం రాకుండా పోయింది మా తమ్ముడి వల్లే. మా తమ్ముడు చార్లీ చీమకు కూడా కీడు తలపెట్టే మనిషి కాదు. రెండూ నిజమే. అందుకే కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నేను ఇంట్లో గిన్నెల మీద చూపిస్తుంటాను.

చార్లీకి నలభై దాటాయి. పటాన్‌చెరులో ఒక కంపెనీలో పని, పటేల్‌గూడలో మా మేడ మీద గదిలో కాపురం. కాపురమంటే ఒంటరి కాపురమే. పెళ్లి మాటెత్తితే మెయిల్ చూసుకోవాలని లేచిపోయేవాడు. ఎవరి మెయిల్? ముక్కూ మొహం తెలియనివాళ్లది.

ఫ్యాక్టరీ పైపుల్లో నీళ్లూ ఆవిరీ ఎంత పారుతున్నాయో చూపే మీటర్లుంటాయి. ఆ మీటరు చెప్పే అంకెను కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రోగ్రాం ఒకటుంది. ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. దాన్ని మొదలుపెట్టిన జర్మనీ పెద్దాయన ఓపిక తగ్గి, బాధ్యతంతా మా వాడికి అప్పజెప్పాడు. వాడుకునేవాళ్లు ఎక్కడైనా తప్పు కనిపిస్తే దిద్ది, ఇలా మార్చమని ఒక ముక్క పంపుతారు. దాన్ని ప్యాచ్ అంటారు. వచ్చిన ప్రతి ప్యాచ్‌నూ అక్షరం అక్షరం చదివి, సరిగ్గా ఉంటే ప్రోగ్రాంలో కలపడం, లేకపోతే ఎందుకు లేదో మర్యాదగా రాయడం చార్లీ పని. జీతం లేదు, సెలవు లేదు. రెండు రోజులు ఆలస్యమైతే మాత్రం ‘ఏమైంది’ అని అడిగేవాళ్లకు కొదవ లేదు.

చదివితే సరిపోదు. అసలు మీటరుకు తగిలించి చూడాలి. అక్కడే అంజయ్య వచ్చాడు.

అంజయ్యది ఇక్కడి రైతు కుటుంబమే. ఐటీఐ చదివి, ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే బల్ల దగ్గర ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేశాడు. చార్లీ కంటే పెద్దవాడు. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి, పాత మీటరు సంచిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ఇద్దరూ పైకి పోయి వైర్లు కలిపేవాళ్లు. మీటరు ఒకపక్క నడుస్తుంటే వీళ్లు చాయ్ తాగుతూ లోకంలోని మీటర్లన్నిటినీ తిట్టేవాళ్లు. అంతా అయ్యాక అంజయ్య తీర్పు చెప్పేవాడు.

“నడుస్తుంది తమ్మీ. ఇగ కలుపు.”

అప్పుడు చార్లీ ఆ ప్యాచ్ కింద, దీన్ని పరీక్షించినవారు అంజయ్య అని ఇంగ్లీషులో ఒక లైను కొట్టి, “అంజన్నా, రాసిన, జెర సూడు” అనేవాడు. అంజయ్య కళ్లజోడు పెట్టుకుని తన పేరు తాను చదువుకునేవాడు. ఆ ప్రోగ్రాం వాడే ప్రతి దేశంలోనూ ఆ పేరుంటుందని చార్లీ చెబితే, “నన్ను మా ఫ్యాక్టరీ గేటు కాడ్నే గుర్తుపట్టరు” అని నవ్వేవాడు.

రాను రాను ప్యాచ్‌లు పెరిగాయి. మా వాడికి తిండి సయించలేదు, కళ్ల కింద నల్లబడింది. ఒక వానాకాలమంతా కూర్చుని తన కోసం కొన్ని స్క్రిప్టులు, అంటే చిట్టి ప్రోగ్రాంలు, రాసుకున్నాడు. అవి మెయిల్‌లోంచి ప్యాచ్‌ను తీసి, ప్రోగ్రాంకు తగిలించి, సరిగ్గా అతుక్కుందో లేదో చూస్తాయి. మేం పరీక్షించామని మెయిల్‌లో ఎవరెవరు జవాబు రాశారో వెతికి, ఆ పేర్లన్నీ కింద చేరుస్తాయి. చివరికి అందరికీ కృతజ్ఞతలు కూడా పంపిస్తాయి. చార్లీ చదవాల్సింది చదివి, ఒక మీట నొక్కితే చాలు.

అంజయ్యకు కూడా ప్రయాణం తప్పించాడు. కొత్త ప్యాచ్ కలిపిన ప్రోగ్రాం దానంతటదే అంజయ్య ఫోనుకు పోయేది. ఆయన ఫ్యాక్టరీలో తన బల్ల దగ్గరే పరీక్షించి, వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపేవాడు. “నడుస్తుంది తమ్మీ.” చార్లీ అది విని మీట నొక్కేవాడు. లారీల మధ్య స్కూటర్ మీద పడి రావాల్సిన పని లేదు కదా అని మేమంతా సంతోషించాం. చార్లీ వేడివేడిగా అన్నం తినడం మొదలుపెట్టాడు. ఆదివారం మెట్లు ఖాళీగా ఉండేవి.

అట్లా మూడేళ్లు గడిచాయి. అంజయ్య ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేయడం మానేశారు. పాడైతే పారేసి కొత్తది పెడుతున్నారు. బల్ల తీసేశారు, బల్లతో పాటు అంజయ్యనూ తీసేశారు. ఆ వయసులో కొత్త పని ఎవరిస్తారు? అయితే సంగారెడ్డి దారిలో కొత్తగా పెట్టిన ఒక ల్యాబ్‌లో మీటర్లు పరీక్షించే మనిషి కావాలన్నారు. వాళ్లు వాడేది చార్లీ ప్రోగ్రాంనే. డిగ్రీ లేకపోయినా చేసిన పని చూపిస్తే చాలన్నారట. అంజయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే మా గేటు దగ్గరికి వచ్చాడు. గాలిలో ఎప్పటిలాగే మందుల ఫ్యాక్టరీల కంపు. లోపలికి రమ్మన్నా రాలేదు. చార్లీ కిందికి దిగాడు.

“తమ్మీ, నా పేరెందుకు తీసేసినవు?”

“నేనెందుకు తీస్తనన్నా? ఏ పేరు?”

“ఆడ కంప్యూటర్ల తెరిచి సూపెట్టిన్రు. పాతయాట్ల ఉంది. మూడేండ్ల సంది ఒక్కకాడ లేదు. నిషిత అని ఒక మేడమ్ అడిగింది. ‘మీరు ఎప్పుడో మానేసినట్టున్నరు కదా అంకుల్’ అన్నది. మొన్నటిదాంక చేసిన బిడ్డా అన్న. ఆమె నా మొకం దిక్కు సూడలే. నేను అబద్ధం చెప్తున్న అనుకున్నది.”

చార్లీ పైకి పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను. కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. స్క్రిప్టు మెయిల్‌లో జవాబు రాసినవాళ్ల పేర్లే ఏరింది. అంజయ్య ఎప్పుడూ మెయిల్ రాయలేదు, నోటితో చెప్పాడు. ఎక్కడో పోలండ్‌లో ఒక్కసారి చూసినవాడి పేరుంది. ప్రతిదీ చూసిన అంజయ్య పేరు లేదు.

ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టే మా వాడు తన స్క్రిప్టును మాత్రం ఎవరికీ చూపించలేదు. తన కోసం రాసుకున్నదే కదా అని తానూ మళ్లీ చదవలేదు. నేను గొంతు చించుకుని తిట్టాను. వాడు తలెత్తలేదు. మేము కిందికి వచ్చేసరికి అంజయ్య వెళ్లిపోయాడు.

“నీ చేతుల ఉన్నదే గదా. పాతయాట్లకు పోయి పేరెక్కియ్యి” అన్నాను.

“ఎక్కియ్యరాదక్కా. ఆ పాత లెక్క వాడేటోళ్లందరి దగ్గర ఉంది. నేనొక్కటి మారిస్తే దాని తర్వాతియన్ని తప్పయితయి. ఈయన వెనకకు పోయి దిద్దుతడు అని తెలిస్తే, ఇగ నన్నెవరు నమ్ముతరు?”

“నిన్ను నమ్మినోడు గేటు కాడికి వచ్చి పోయిండు గదరా.”



మర్నాడు చార్లీ సెలవు పెట్టి ల్యాబ్‌కు పోయాడు. నిషిత కుర్చీ వేసి కూర్చోబెట్టిందట. “మీ మాట నమ్ముత సార్. కానీ మా పై వాళ్లు ఒక్కటే అడుగుతున్రు. ఆయన అన్ని చేస్తే మీరెందుకు రాయలేదని. నేనేం చెప్పాలె?” అందట. ఆ వారంలోనే వేరేవాళ్లను తీసుకున్నారు.

అప్పుడు చార్లీ ఒక పని పెట్టుకున్నాడు. ఫోనులో మిగిలిన అంజయ్య మాటలన్నీ మొదటి నుంచి విని, ఏ మాట ఏ ప్యాచ్‌దో పోల్చి, కొత్తగా ఒక కాగితంలా రాసి ప్రోగ్రాంలో చేర్చాలని. పాత ఫోను మార్చినప్పుడు సగం పోయాయి. ఉన్నవాటినే వింటూ కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వెనక మిషన్ల రొద, షిఫ్టు సైరన్, ఎవరో హిందీలో కేకలు, వాటి మధ్య అంజయ్య గొంతు. నడుస్తుంది తమ్మీ. నడుస్తుంది తమ్మీ. నడుస్తలేదు తమ్మీ, లెక్క తప్పుతుంది.

ఒకటి కొంచెం పొడుగ్గా వచ్చింది.

“నడుస్తుంది తమ్మీ. ఆఁ, ఇంకోటి. ఈ ఆదివారం ఇంట్ల ఉంటవా? పని ఏం లేదు, ఊకెనే వస్త. కలవక శాన రోజులాయె.”

చార్లీ దాన్ని మళ్లీ పెట్టాడు, మళ్లీ పెట్టాడు. అది వచ్చింది రెండేళ్ల కింద. మొదటి మాట వినగానే మీట నొక్కి, మిగతాది వినకుండానే పక్కకు తోసేశాడు. “అక్కా, నేను జవాబు గూడ ఇయ్యలే” అన్నాడు. వాడు ఏడవడం మా నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. అంతదాకా మనసులో పేర్చుకున్న తిట్లేవీ నా నోటికి రాలేదు.

కాగితం రాశాడు, ప్రోగ్రాంలో చేర్చాడు. అంజయ్య ఫోనుకు పంపాడు. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఇంటికి పోతే ఆయన ఏదో కొత్త డ్యూటీకి పోయాడన్నారు, మళ్లీ పోతే పడుకున్నాడన్నారు.

మొన్న నేను పాఠాలు చెప్పే బడిలో పిల్ల ఒకతె జబ్బుపడితే చూడటానికి కొల్లూరు పోయాను. దారిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నీలం యూనిఫాంలో అంజయ్య కనిపించాడు. ఆటో ఆపించి దిగాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

“బాగున్నరా టీచరమ్మా? తమ్మి మంచిగున్నడా?”

“ఉన్నడు. నిన్నే తలుస్తుంటడు. ఒక ఆదివారం రారాదన్నా.”

“ఆ ప్రోగ్రాం నడుస్తుందా?” అని అడిగాడు అంజయ్య.

“నడుస్తుంది.”

“నేను సూడకున్నా నడుస్తుంది గదా. మంచిదే. ఇగ నేనెందుకమ్మా.”

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త ప్రాణం కుదుటపడేది. ఇంతలో కారొకటి హారన్ కొట్టింది. అంజయ్య గేటు తీయడానికి వెళ్లాడు, దాని నంబరు రాసుకోవడంలో పడిపోయాడు. నేను ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చి మేడెక్కితే చార్లీ ఒక ప్యాచ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ స్క్రిప్టును వాడు మార్చాడు. ఇప్పుడది మధ్యలో ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు కొడితే తప్ప ముందుకు కదలదు. తెర మీద ఆ ప్రశ్న వెలుగుతోంది: అంజన్న చూశాడా?

ఎక్కడికి పోయానని వాడు అడగలేదు, ఎవరిని కలిశానో నేను చెప్పలేదు. ఆ ప్రశ్నకు వాడు, రోజూ కొట్టినట్టే, లేదు అని కొట్టాడు.