వరద ఊర్ల తెలుగు మాట్లాడిన ముసలామె

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగినంక కూడ నమ్మను. నమ్మేటోణ్ణి అయితే బాగుండునని మాత్రం ఈ మధ్యల చానాసార్లు అనిపించింది. అప్పుడు దానికి ఒక పేరు పెట్టి పక్కకు జరిపేద్దును. అన్నం తినంగ తినంగ చెయ్యి ఆగిపోవుడు ఉండకపోవు.

మాది షోలాపూర్. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పనికి వచ్చి ఈడనే ఉండిపోయిండు. ఇల్లు భవాని పేట్‌ల, పని కుమఠా నాకా కాడ పవర్‌లూమ్ కార్ఖానాల. టవల్లు నేస్త. నా భార్య రాధ ఇంట్ల బీడీలు చుడుతది. నా పేరు అంబాదాస్.

దీనితోని పాటు నేను హోంగార్డును. ఇది పొద్దుమాపు ఉండే నౌకరి కాదు. పిలిచినప్పుడు ఖాకీ తొడుక్కొని పోవాలె, అయిపోయినంక మల్ల మగ్గం కాడికి రావాలె. గణపతి పండుగ, ఎలక్షన్లు, జాతరలు, అన్నిటికి పోయిన. తాగి కొట్టుకునేటోళ్లను విడిపించిన, తప్పిపోయిన పిల్లలను తల్లుల చేతుల పెట్టిన. భయపడే మనిషిని కాదని చెప్పుటానికి ఇదంత చెప్తున్న.

ఆ యేడు వానలు ఆగలే. పైన డ్యాం గేట్లు ఎత్తిండ్రు, ఏటి ఒడ్డు ఊర్లల్లకు నీళ్లు వస్తున్నయని వార్త. నేను పొద్దున్నే కార్ఖానాకు పోయి మగ్గాలు నడిపిస్తున్న. పొద్దు బాగ ఎక్కినంక జేబుల ఫోన్ వణికింది. బయటికి వచ్చి ఎత్తిన. హోంగార్డు ఆఫీసు నుంచి. ఉన్నోళ్లు ఉన్నట్టు బయలుదేరుమన్నరు. ఇంటికి పోయి డ్రెస్ తొడుక్కున్న. రాధ రొట్టె కట్టి ఇయ్యవోతే వద్దని ఉరికిన.

జీపుల కొందరం పోయినం. ఊరికి ఒకరిని దించుకుంట పోయిండ్రు. నన్ను దించిన ఊరి పేరు చెప్పను. ఆ ఊరోళ్లకు ఇది నచ్చదు.

దిగంగనే ఒక ఆడమనిషి ఎదురు వచ్చింది. మగవాళ్ల రెయిన్‌కోటు, చీర పైకి దోపుకున్నది, ఫోన్ ప్లాస్టిక్ కవర్ల చుట్టి మెడకు ఏలాడేసుకున్నది. పేరు సునంద. ఆ ఊరి పోలీస్ పాటిల్. మన తెలుగు జిల్లాలల్ల ఈ పదవి లేదు గన్క చెప్త. ఊరి మనిషినే ఒకరిని పెడుతరు. వాళ్ల ఎవుసం వాళ్లు చేసుకుంటనే, ఊర్ల కొత్తోళ్లు వచ్చినా, కొట్లాట అయినా, ఎవరన్న చచ్చిపోయినా, పోలీస్ స్టేషన్‌కు ముందుగాల చెప్పేది వాళ్లే. లాఠీ ఉండదు, డ్రెస్ ఉండదు. మరాఠీల తాయి అంటే అక్క, భావు అంటే తమ్ముడు. నేను సునందతాయి అన్న, ఆమె నన్ను అంబాదాస్ భావు అన్నది.

అప్పటికే సగం ఊరును గుట్ట మీది బడికి పంపింది. ఊరి సురక్షా దళం మనుషులు, అంటే ఊర్లనే పేరిచ్చుకొని గస్తీ తిరిగే రైతులు, ట్రాక్టర్లల్ల జనాన్ని మోస్తున్నరు. వాళ్లల్ల దత్తా అనే ఆయన ట్రాక్టరు మాకు దొరికింది. సునందతాయి నదివైపు వాడ పట్టుకున్నది. నన్ను చెరుకు తోటల వైపు చూసి రమ్మన్నది. "అటు ఎవరు లేరు భావు, ఉన్న రెండిండ్లోళ్లు పొద్దుగాలనే వచ్చేసిండ్రు. ఒక్కసారి చూసి రా, మనసుకు నిమ్మలం" అన్నది మరాఠీల.

నేను సీటీ ఊదుకుంట పోయిన. మోకాళ్ల దాక నీళ్లు. ఆ రెండిండ్లు ఖాళీగనే ఉన్నయి, తాళాలు ఏసి ఉన్నయి. ఇగ మల్లుదామని తిరిగితే, చెరుకు పక్కన పొలం గట్టు మీద ఒక ముసలామె నిలబడి ఉన్నది.

ఆమెను నేను బాగ చూసిన. సన్నటి మనిషి. ఎర్ర అంచు బూడిదరంగు చీర. నుదుట పచ్చబొట్టు. కాళ్లకు ఎండి కడియాలు. వానల నిండ తడిసి ఉన్నది. గాలిల తేలలే, తెల్లగ మెరవలే. చలికి దవడ వణుకుతున్నది. మనిషి ఎట్ల ఉంటదో అట్లనే ఉన్నది.

"ఆజీ, చలా, పాణీ వాఢతయ్" అని అరిసిన. అవ్వా నడువు, నీళ్లు పెరుగుతున్నయి అని.

ఆమె చెయ్యి లేపి చెరుకు ఎనుకకు చూపించింది. "నన్ను తర్వాత చూద్దువు గాని బిడ్డా. ఆ కొట్టంల ఆడపిల్ల ఉన్నది. కాలు లేవది. ముందుగాల దాన్ని తీస్కపో."

"నువ్వు ఈడనే ఉండు అవ్వా. కదలకు. ఇప్పుడే వస్త" అన్న.

"సరె, పో" అన్నది.

నేను ఉరికిన. మాట్లాడినప్పుడు మా ఇద్దరి నడుమ ఇరవై ముప్పై గజాల నీళ్లు, పైన వాన. మగ్గాల చప్పుడుకు నా ఎడమ చెవి సగం పోయింది. రాధ వంటింట్ల నుంచి పిలిస్తే వినవడదు. ఆమె మాట మాత్రం ప్రతి అక్షరం వినవడ్డది. ఇది నాకు అప్పుడు తోచలే.

చెరుకు దాటంగనే రేకుల షెడ్డు. బయట నుంచి కొండి పెట్టి ఉన్నది. తీసి లోపలికి పోతే నీళ్లు మంచం నులకను అంటుతున్నయి. మంచం మీద ఒక పిల్ల, ఇరవై దాటినయో లేదో, ఎడమ కాలుకు మోకాలి పైదాక ప్లాస్టర్. నన్ను చూసి అరవలే, ఏడవలే. "ఆలాత్ కా?" అన్నది. వచ్చిండ్రా, అని. మొగుని కోసం చూస్తున్నది కావచ్చు అనుకున్న.

ఆమె పేరు రేఖ. ఏరే జిల్లా నుంచి చెరుకు కొట్టే పనికి వచ్చిన జంట. ట్రాలీ మీద నుంచి పడి కాలు విరిగింది. మొగడు ముందురోజు మందులకు పట్నం పోయిండు. కుక్కలు రావద్దని కొండి పెట్టి పోయిండు. వంతెన మునిగి అటే చిక్కిండు. కూలీలను తెచ్చే మేస్త్రీ వాళ్లను ఆ షెడ్డుల దించి పోయిన సంగతి తోట ఆయనకు కూడ ఎరుక లేదు. ఇదంత నాకు తర్వాత తెలిసింది.

ఆమెను ఈపు మీద ఎక్కించుకున్న. వచ్చిన దారిల నీళ్లు నడుము దాక అయినయి. అందుకే చుట్టు తిరిగి రోడ్డు దిక్కు పోయిన. సీటీ ఊదితే దత్తా ట్రాక్టరు తెచ్చిండు. ఆమెను ట్రాలీల పండుకోబెట్టి, "గట్టు మీద ఒక ఆజీ ఉన్నది, తాడు ఇయ్యి" అన్న.

తాడు నా నడుముకు కట్టి ఒక కొస దత్తా పట్టుకున్నడు. గట్టు కాడికి పోయిన. గట్టు ఇంక మునగలే. దాని మీద ఎవరు లేరు.

పిలిచిన. చెరుకుల జొరబడి పిలిచిన. ఖాళీ ఇండ్ల చుట్టు తిరిగిన. మల్ల షెడ్డుల చూసిన. అడుగుల జాడలు చూసినవా అని తర్వాత ఎవరో అడిగిండ్రు. ఆ వానల ఎవరి అడుగులు నిలుస్తయి? నా అడుగులే లేవు. దత్తా తాడు గుంజి గుంజి అరుస్తున్నడు. చివరికి సునందతాయి వచ్చి, నీళ్లు ట్రాక్టరు టైర్లు దాటుతున్నయని తిట్టి నన్ను బయటికి గుంజింది.

"ఏ ఆజీ?" అన్నది. ఊర్ల ముసలోళ్లందరి పేర్లు ఒక్కొక్కటి చెప్పింది. అందరు బడిల ఉన్నరు. నేను బడికి పోయి ప్రతి ముసలామె మొఖం చూసిన. ఒకసారి చూసి నమ్మక మల్ల చూసిన. కొందరు నవ్విండ్రు, ఒకామె కొంగు కప్పుకున్నది. వాళ్లల్ల ఆమె లేదు.

వరండాల సునందతాయి నా ముంగట కూసున్నది. "ఆమె ఏమన్నదో ఆ మాటలే చెప్పు భావు. ఎవరి ఇంటి యాసో నేను పోల్చుకుంట" అన్నది.

చెప్పుడు మొదలుపెట్టిన. నా నోట్లకెల్లి తెలుగు వచ్చింది.

సగంల ఆగిపోయిన. సునందతాయి నన్నే చూస్తున్నది. ఆ ఊర్ల ఒక్క తెలుగు ఇల్లు లేదు. ఆమె తెలుగుల మాట్లాడింది, నేను తెలుగుల జవాబు చెప్పిన, మా వాడకట్టుల మాట్లాడినట్టే. ఆ తొందరల నాకు సోయి లేదు.

ఇంకో సంగతి. మా షోలాపూర్ తెలుగుల సగం మరాఠీ ఉంటది. రేకుల షెడ్డును మా వాళ్లల్ల ఎవరన్న షెడ్డే అంటరు. ఆమె కొట్టం అన్నది. ఆ మాట మా నాయనమ్మ పోయినంక నేను ఎవరి నోట వినలే.

ఇది చెప్పంగనే మా వాడల అందరు ఒకటే అన్నరు, అది మీ నాయనమ్మే అని. కాదు. నాయనమ్మ పొడుగు మనిషి, గొంతు బొంగురు. నాయనమ్మను నేను పోల్చుకోనా? గట్టు మీది మొఖం నేను ఎన్నడు చూడని మొఖం.

స్టేషన్‌ల సాహెబుకు చెప్పిన. ఆయన నవ్వలే. నీళ్లు తగ్గినంక పడవల తిప్పి ఎతికించిండు. శవం దొరకలే. ఆ ఊర్ల గాని చుట్టుపక్కల గాని ముసలామె తప్పిపోయిందని ఎవరు ఫిర్యాదు ఇయ్యలే. నేను భవాని పేట్‌ల, జోడ్‌భావి పేట్‌ల తెలుగోళ్ల గల్లీలన్ని తిరిగిన. మీ ఇంట్ల ముసలామె ఎటన్న పోయిందా అని. కొందరు జాలిపడ్డరు, కొందరు తలుపు ఏసిండ్రు. ఎవరి ఇంట్ల ఎవరు తక్కువ కాలే.

"దేవత అనుకో, దండం పెట్టి ఊకో" అన్నది రాధ.

"దేవత అయితే చలికి దవడ ఎందుకు వణికింది?" అన్న.

రాధ చుట్టిన బీడీలు పక్కకు పెట్టి నాకు చాయ్ పెట్టింది. ఆ చాయ్ చల్లారిపోయింది.

నన్ను తినేది ఇదే. ఆమె మనిషి కాదంటే నాకు నిమ్మలం. మనిషే అయితే, ఆ నీళ్లల్ల "కదలకు" అని చెప్పి ఆమెను నిలబెట్టి వచ్చింది నేను. వాన పడితే చాలు, లేచి ఇంట్ల అటు ఇటు తిరుగుత. మగ్గం కాడ దారం తెగినా చూసుకుంటలేను, టవల్లు ఖరాబు అయితున్నయి.

సునందతాయికి కూడ నిమ్మలం లేదు. ఆ షెడ్డుల మనుషులు ఉన్నరని తనకు తెల్వకపోవుడు ఆమెకు మింగుడు పడలే. ఇప్పుడు ఎవుసం పని అయినంక ప్రతి తోట తిరిగి, కొత్తోళ్లు ఎవరొచ్చిండ్రో చూసి వస్తది. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తది. మాట్లాడేది ఏం ఉండదు. "దొరికిందా?" అంటది. "లేదు తాయి" అంట.

చలికాలం మొదలైనంక ఒకరోజు పగటిపూట రమ్మన్నది. రేఖ కాలు ప్లాస్టర్ తీసిండ్రు, కట్టె పట్టుకొని నడుస్తున్నదట, నన్ను చూస్త అన్నదట. పోయిన. సునందతాయి ఇంటి ముంగట ఎండల మంచం ఏసుకొని కూసున్నది రేఖ. మొగడు నా కాళ్లకు మొక్కబోతే ఆపిన.

నేను అడగలే. రేఖనే ఎత్తింది.

"భావు, ఆ ఆజీ చూసుటానికి ఎట్ల ఉండె?"

నువ్వు చూసినవా అన్న. చూడలే అన్నది. ఆ దినం తెల్లారకముందే నీళ్లు లోపలికి వస్తుంటే, భయానికి అరిసి అరిసి గొంతు పోయిందట. అప్పుడు రేకు అవతల నుంచి ఒక ముసలామె గొంతు మొదలైందట. ఏం భాషో తెల్వలే. ఊకెనే ఒకటే మాట, నిమ్మలంగ, పిల్లను ఊకుంచినట్టు. నేను కొండి తీసేదాక ఆ మాట ఆగలేదట. వినుకుంట వినుకుంట ఆమెకు నోటికి వచ్చిందట.

"దాని అర్థం ఏంది భావు? ఇక్కడ ఎవరిని అడిగినా తెల్వదంటున్నరు."

"ఏం మాట?" అన్న.

మరాఠీ నాలుకతోని, ఒక్కొక్క ముక్క ఇరిసి పలికింది. "వస్తుండు. వస్తుండు."

సునందతాయి నా చెయ్యి మీద చెయ్యి ఏసి, ఏంది భావు అన్నది. మరాఠీల చెప్పిన. "యేతోయ్ తో" అన్నట్టు. ఒక మగమనిషి వస్తున్నడు అని.

రేఖ నవ్వింది. మీ సంగతే చెప్పింది కదా అన్నది. ఆమెకు అది మంచి మాట. తెల్లారకముందు నేను భవాని పేట్‌ల మా ఇంట్ల పండుకొని ఉన్న. నాకు ఇంక పిలుపే రాలే, ఆ ఊరి పేరు కూడ అప్పటికి తెల్వదు. ఈ సంగతి ఆమెకు చెప్పలే.

ఇది ఏందో నాకు ఇప్పటికి తెల్వదు. దయ్యం అందామంటే నోరు రాదు. మనిషి అందామంటే గుండె ఒప్పుకోదు.

మీది కరీంనగర్ దిక్కే కానీ, మరి ఏ ఊరే కానీ, మీ ఇంట్ల నుంచి ఒక ముసలామె ఎటో పోయి రాకపోతే నాకు కబురు చెయ్యుండ్రి. సన్నటి మనిషి. ఎర్ర అంచు బూడిదరంగు చీర, నుదుట పచ్చబొట్టు, కాళ్లకు ఎండి కడియాలు. ఇప్పుడే వస్త అన్నట్టే నేను మల్ల పోయిన, ఆమె లేదు. ఆమెను చివరిసారి చూసినోణ్ణి నేనే.