పలెర్మో విమానపు రెండో గంట

ట్యూనిస్ విమానాశ్రయంలో ముప్పైయొక్క సంవత్సరాలు ప్రయాణికుల పెట్టెలు తూచి ఉద్యోగ విరమణ చేసిన తైయెబ్ గర్సల్లీకి, తాను ఒక్కమారైనా విమానమెక్కలేదన్న చింత లేశమైనా లేదు. ఎక్కినవారికి ఏం తెలుస్తుందని ఆయన ధీమా. లా గులెత్ రేవుపక్కన కాఫీ దుకాణంలో కూర్చుని, అడిగినవారికీ అడగనివారికీ కూడా మాల్టా ఇంత దూరం, మార్సెయ్ ఇంతసేపు అని వల్లించడమే ఆయన వార్ధక్యానికి వ్యాపకం.

ఏప్రిల్‌లో ఆయన అక్క హబీబా పలెర్మోలో కన్నుమూసింది. మరునాటి మధ్యాహ్నం ఒకటిన్నరకు ఖననం. శ్మశానం వారిచ్చిన వేళ, ఎవరికోసమూ ఆగదు. వీసా ఉన్నది చెల్లెలు జొహ్రాకొక్కతెకే. ఆ అక్క చేతుల్లో పెరిగిన జొహ్రాకు ఆఖరి చూపు దక్కితే చాలు. ఉదయం ఏడింటికొక విమానం, పదకొండింటికొకటి ఉన్నాయి. తానే దిగబెడతానన్న తైయెబ్, ఎనిమిదికి ముందు పక్క దిగే మనిషి కాడు.

"అన్నయ్యా, పదకొండింటిది ఒంటిగంటకు దిగుతుందని రాసుంది. నేను ఏడింటి దానికే పోతా."

"పిచ్చిదానా! మూడు వందల కిలోమీటర్లు కూడా లేదే! గాల్లో ఉండేది గంటే. రెండో గంట పెట్టెలు దింపడానికి. జనం గొణక్కుండా ముందే కలిపి రాస్తారు. నీకు చేతిసంచేగా? పన్నెండుకల్లా బయటుంటావు."

"నిజంగానా?"

"మరి అన్నేళ్లూ అక్కడ నేను గాడిదలు కాశాననుకున్నావా?"

జొహ్రా ఎక్కిన పదకొండింటి విమానం గంటలోనే దిగింది. పలెర్మో విమానాశ్రయం గోడమీది గడియారం మాత్రం ఒంటిగంట చూపింది. వసంతంలో ఇటలీవారు గడియారాలను గంట ముందుకు తిప్పుకుంటారు, ట్యూనిస్‌వారు తిప్పరు. జొహ్రా టాక్సీలో శ్మశానం చేరేసరికి రెండు దాటింది. తడి ఆరని మట్టికుప్ప తప్ప ఆమెకేమీ మిగల్లేదు.

కాఫీ దుకాణంలో తైయెబ్ తీర్పు అప్పటికే సిద్ధం. "విమానం ఆలస్యమై ఉంటుంది."

"తైయెబన్నా," అన్నాడు చేపల రిదా, "ఇటలీ టీవీలో మ్యాచి ఈ నెలలో మనకు గంట ముందే రావట్లా? చంటిపిల్లలకు కూడా తెలుసే!"

"మ్యాచి వేరు, విమానం వేరు. నీకేం తెలుసురా!"

తిరిగివచ్చిన జొహ్రాను చూడబోయి కూడా ఆయన క్షమాపణ అడగలేదు. "గాల్లో గంటేగా పట్టింది? నేను చెప్పింది తప్పా?" అన్నాడు. జొహ్రా ఆయన చెప్పులను వీధివైపు తిప్పిపెట్టి లోపలికి పోయింది.

అక్క పోయిన నలభయ్యవనాడు ఆమె ఖురాన్ చదివించి, వీధివారందరినీ కుస్కుస్ భోజనానికి పిలిచింది. మధ్యాహ్నానికి కాఫీ దుకాణం ఒక్కొక్కరుగా ఖాళీ అయింది.

"రావా అన్నా?" అన్నాడు రిదా, లేస్తూ.

"పిలవలేదురా."

"పిలవదు మరి," అని రిదా వెళ్లిపోయాడు.