ఆ రోజు గాలి లేదు

నిన్న పొద్దున నాన్న ఫోన్.

"బిడ్డా, అవ్వ పోయింది. జల్ది రా."

మొన్న ఆదివారమే కదా పక్కన కూర్చుని కథ చెప్పి వచ్చాను. ఇంకొక్క చాప్టర్ మిగిలి ఉంది.

అవ్వ మా నాన్నకు నాయనమ్మ. తొంభై దాటాయి. అయినా ఆమె లేని ఇల్లు నేనెప్పుడూ ఊహించుకోలేదు.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. మా ఊరు బిజినేపల్లి వెళ్ళినప్పుడల్లా అవ్వ వదిలేది కాదు.

"ఏం కాన్వెంట్ పిల్లా, నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా? కథ చెప్పు."

ఈసారి నేను చెప్పింది ఒక పాత ఇంగ్లిష్ నవల. తమ్ముడు నదిలో మునిగిపోతుంటే అన్న చేయి అందించడు. ఆస్తి కోసం. తర్వాత, "దేవుడు నన్ను ఇలాగే పుట్టించాడు, నేనేం చేయను" అంటాడు.

అవ్వ లేచి కూర్చుంది.

"అబద్ధం చెప్తుండు. చెయ్యి వానిదే గద?"

అప్పుడు చెప్పింది, తన పదిహేనేళ్ళప్పటి సంగతి.

యుద్ధం రోజులు. సర్కారు లెవీ పేరుతో రైతుల ధాన్యం పట్టుకుపోతోంది. సర్కారు మనుషులు వస్తున్నారని తెలిసి అవ్వ తండ్రి వాకిట్లో నేల లోపల తవ్విన జొన్నల పాతర తెరిపించాడు. సాయంత్రంలోగా గింజలు దాటించాలి.

చాలా రోజులు మూసి ఉంచిన పాతరలో మనిషికి ఊపిరాడదు. అందుకే ముందు తాడుతో దీపం దించుతారు. ఆరిపోతే ఎవరూ దిగరు. ఆగుతారు.

దీపం దించింది అవ్వే.

సగం లోతులోనే ఆరిపోయింది. ఆకు కదలని మధ్యాహ్నం.

తండ్రి ఆమె వైపు చూశాడు. "గాలికి ఆరింది గద, బిడ్డా?"

"అవు నాయనా" అంది అవ్వ.

జీతగాడు బాలయ్య నవ్వాడట. "చిన్న దొరసాని చెప్పినంక ఇంకేంది" అంటూ దిగాడు.

మళ్ళీ పైకి రాలేదు.

"వాని నసీబు" అన్నాడు తండ్రి. ఊరూ అదే అంది.

ఎవరైనా నసీబు అంటే అవ్వ తింటున్న ముద్ద వదిలేసి లేచిపోయేది. ఎందుకో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

నేను ఓదార్చబోయాను. చిన్నపిల్లవి, తండ్రి మాట కాదనే కాలం కాదు, నువ్వేం చేయగలవు అన్నాను.

అంత కోపం ఆమెలో ఎప్పుడూ చూడలేదు.

"ఏం జేయలేనా? దానంతటదే ఆరింది అంటే అయిపోతుండె. నాయన కొడుతుండె కావొచ్చు. కొడితే సస్తుంటినా? నాకు నోరు లేకుండెనా? నన్ను గా తాడు లెక్క జేయకు పిల్లా. నేను మనిషిని."

తర్వాత మెల్లగా అంది. "నేను పోయినంక అందరికి చెప్పు. గాలి మీద పెట్టకు."

నిన్న ఆమె చుట్టూ కూర్చున్నవాళ్ళు "పాపం ఎరుగని మనిషి" అన్నారు. అంతమందిలో నాకు నోరు రాలేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చుట్టాల్లో కొందరు ఈ పోస్ట్ డిలీట్ చేయమంటారు. చేయను.

అవ్వా, ఆ చివరి చాప్టర్ నీకు చెప్పనేలేదు. అందులో అన్న చచ్చేదాకా ఒప్పుకోడు.

నువ్వు ఒప్పుకున్నావు.

ఆ రోజు గాలి లేదు.

వెళ్ళిరా అవ్వా. శాంతి ముందు బాలయ్యకు, తర్వాత నీకు.