కుడి కన్ను, ఎడమ కన్ను

కామారెడ్డిల ఒక చిన్న కంటి దవాఖానల నేను కంప్యూటర్ పని చేస్తుంటి. ఇల్లు ఎల్లారెడ్డి. రోజూ బస్సుల పోవుడు, బస్సుల వచ్చుడు. మా అవ్వ బీడీలు చేసుకుంటనే నన్ను డిగ్రీ దాంక చదివిచ్చింది. ఆ దవాఖానల నౌకరి దొరికినప్పుడు నాకంటె ఎక్కువ ఆమెనే సంబురపడ్డది.

ఎల్లారెడ్డిల కంటి క్యాంపు పెడుదామని అనుకున్నంక మేనేజర్ సారు నన్ను పిలిచిండు.

"అమ్మా, గీసారి రిజిస్టర్ల రాసుడు వద్దు. నువ్వు కంప్యూటర్ల ఒక ఫారం తయారు చెయ్యి. నెట్ లేకున్నా ల్యాప్‌టాప్‌ల నడవాలె. పది రోజులే ఉన్నయి, అయితదా?"

కాలేజీల ప్రాజెక్టు కోసం ఒక్కటంటె ఒక్క ఫారం చేసిన. అయినా రాదని చెప్పబుద్ధి కాలె. "అయితది సార్" అన్న.

పేరు, వయసు కొట్టేటందుకు డబ్బాలు పెట్టిన. ఊరికి నొక్కితె కిందికి జారే లిస్టు పెట్టి, అండ్ల ఎల్లారెడ్డి, రాజంపేట, మాచారెడ్డి అని ఒక్కొక్క పేరు ఎక్కిచ్చిన. బీపీ, షుగర్ ఉంటె టిక్కు పెట్టే గడులు. ఆపరేషన్ ఏ కంటికో చెప్పేటందుకు రెండు గుండ్రటి బటన్లు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఒకటి నొక్కితె రెండోది దానంతటదే పోతది. అన్నిటికంటె కింద సేవ్, ప్రింట్.

మేనేజర్ సారుకు చూపెట్టే రోజు, ఆయన ఏ కన్నూ నొక్కకుండనే సేవ్ నొక్కిండు. తెర మీద ఎర్రర్ వచ్చి ఫారం మొత్తం మూసుకపోయింది. చుట్టూ దవాఖానోళ్లందరు నిలవడి చూస్తున్నరు.

"గిట్ల క్యాంపుల అయితె ఎట్ల? జనం లైన్ల నిలవడి ఉంటరు" అన్నడు సారు.

నా ముఖం మాడిపోయింది. కన్ను నొక్కకుంటె సేవ్ కాకుండ ఆపి, నొక్కమని అడిగేతట్టు రాయాలె. సక్కటి పద్ధతి అదే. కాని దాన్ని ముట్టుకుంటె ఇంకేం చెడిపోతదో అని భయం. ఫారం తెరిచేసరికే కుడి కన్ను బటన్ నొక్కి ఉండేటట్టు పెట్టిన. ఎర్రర్ పోయింది. సారు మెచ్చుకున్నడు. నేను గూడ ఊపిరి పీల్చుకున్న.

క్యాంపు మంచిగ నడిచింది. డాక్టర్ సారు కండ్లు చూసి కాయితం మీద రాసిస్తుంటె, దవాఖానల పని చేసే ఇద్దరు ఆడపిల్లలు దాన్ని చూసి ఫారంల కొట్టి, చీటీ ప్రింట్ తీసిచ్చిండ్రు. ఎర్రర్ ఒక్కసారి గూడ రాలె. ఆపరేషన్ల లిస్టు గూడ ఆ ఫారంలకెల్లే తీసినం. ఆపరేషన్లు తెల్లారి కామారెడ్డిల.

తెల్లారి బస్సుల నా పక్కన ఒక ముసలమ్మ కూసుంది. దవాఖాన బండి అందలేదట, ఒక్కతే ఎక్కింది. కొంగు ముడి విప్పి నేను ప్రింట్ తీపిచ్చిన చీటీనే నా చేతుల పెట్టింది.

"ఇండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?"

"కుడి కన్ను ఆపరేషన్ అని ఉంది అవ్వా."

"కుడిది మంచిగనే ఉంది గదా. నాకు పొర వచ్చింది ఎడమదానికి."

కుడి ఎడమ తెలుస్తలేదేమో అనుకున్న. "బువ్వ తినే చెయ్యి దిక్కా, అవుతలి దిక్కా?" అని అడిగిన. ఆమె బువ్వ తినే చెయ్యితోని ఆ దిక్కు కన్ను మూసి నా దిక్కు చూసింది. "గిప్పుడు నీ ముఖం మబ్బు లెక్క అవుపడుతుంది" అన్నది.

నేను ముందే నొక్కి పెట్టిన కుడి బటన్ యాదికొచ్చింది. పిల్లలు తొందరల బటన్ నొక్కుడు మర్చిపోయినోళ్లందరికి కుడి కన్నే పడి ఉంటది. ఎంతమందికి? మేనేజర్ సారుకు ఫోన్ చేసిన, ఎత్తలె. పెద్ద సిస్టర్‌కు చేసిన. ఆమె ఆపరేషన్ గదిలకు పోతె ఫోన్ బయటనే పెడతది. బస్సు ప్రతి స్టేజీల ఆగుతున్నది. ఒకాయన వడ్ల సంచి ఎక్కిచ్చేదాంక కండక్టర్ ఆపిండు. "జరంత జల్ది పోనియ్యన్నా" అంటె, "విమానమా ఇది?" అన్నడు. ఏడుపొచ్చింది.

ముసలమ్మ చెయ్యి పట్టుకొని దవాఖానలకు ఉరికినట్టే పోయిన. వరండాల బెంచీల మీద అందరు కూసొని ఉన్నరు. పెద్ద సిస్టర్ కొందరికి ఆపరేషన్ చేసే కంటి పైన, నుదుటి మీద పెన్నుతోని గుర్తు పెట్టి, కంట్ల చుక్కలు గూడ ఏసింది.

"సిస్టర్, ఆపుండ్రి. లిస్టు తప్పు. తప్పు నాదే" అన్న.

ఆమె చేతిల చుక్కల సీస కింద పెట్టింది. లోపలికి పోయి డాక్టర్ సారును ఆపింది. అప్పటికి ఎవలకు కత్తి పెట్టలె. క్యాంపుల సారు రాసిన కాయితాల కట్ట తెచ్చి, ఒక్కొక్కరి పేరు పిలిచి, కాయితం, కన్ను, చీటీ మూడు కలిపి చూసినం. నాతోని బస్సుల వచ్చిన ముసలమ్మతోని కలిపి ఏడుగురికి తప్పు పడ్డది. అండ్ల ముగ్గురికి మంచి కంట్ల చుక్కలు పడ్డయి.

ఆ ముగ్గురిల ఒక పెద్దాయన ముందల నిలవడి నేనే చెప్పిన, ఆ చుక్కలతోని సాయంత్రం దాంక మసక ఉంటది, పోతది, తప్పు నాది బాపు అని. "కోసినంక చెప్తె ఏం చేస్తుంటి బిడ్డా?" అన్నడు ఆయన. ఆయన చీటీ మీద కుడి కొట్టేసి ఎడమ అని రాసిన.

డాక్టర్ సారు మెల్లగనే అన్నడు. "కత్తి పట్టే ముందల నేను మళ్ల చూస్తనే అమ్మా. కాని నేను గూడ మనిషినే గద."

ఆ రోజు ఆపరేషన్లు ఆలస్యంగ అయినయి, అందరికి సరైన కంటికే అయినయి. నేను మధ్యాహ్నం బువ్వ తినకుండ కూసొని, ముందే నొక్కి ఉన్న బటన్ తీసేసిన. కుడో ఎడమో నొక్కేదాంక సేవ్ బటన్ పని చెయ్యకుండ పెట్టిన. సేవ్ నొక్కినంక "ఎడమ కన్ను, నిజమేనా?" అని మళ్లొకసారి అడిగేటట్టు రాసిన. మొత్తం గంటన్నర పట్టింది.

నౌకరి పోతదనుకున్న, పోలె. తర్వాతి క్యాంపు మాచారెడ్డిల పెట్టిండ్రు. పిల్లలు ఫారం కొడుతుంటె నేను ఎనుక నిలవడి, ప్రతి చీటీని కాయితంతోని పట్టి చూసినంకనే మనిషి చేతికిచ్చిన. "కూసోరాదు మేడం, కంప్యూటరే అడుగుతుంది గద" అన్నది ఒక పిల్ల. కూసోబుద్ధి కాలె.