ఆది జాకెట్టు

తిరువూరులో ఇన్నేళ్లుగా ఉంటున్నా, టేపుతో కొలతలు తీయించుకునే అలవాటు నాకు లేదు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తే, మా వీధి చివర మిషన్ కుట్టే ఆవిడ దాన్ని చూసి కొత్తది కుట్టేస్తుంది. ముస్లింల ఇంటి కోడలు, నాకన్నా పదేళ్లు చిన్న. ఇరవై ఏళ్లుగా నా జాకెట్లన్నీ ఆమె చేతివే.

క్యాన్సర్ ఆపరేషన్‌లో నా ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత మందు ఎక్కించుకోవడానికి నెలల తరబడి విజయవాడ బస్సులో తిరగడం, జుట్టు ఊడడం, మళ్లీ మొలవడం, అన్నీ అయ్యాయి. వాటికి నేను జడవలేదు. ప్రార్థనకని ఇంటికి వచ్చిన చర్చి ఆడవాళ్లు, కళ్లు మూసుకునే ముందు ఒక్కసారి నా పైట వైపు చూసేవాళ్లు చూడండి, అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది. సెలవు అయిపోయింది, సోమవారం మళ్లీ బడిలో చేరాలి. లెక్కల టీచర్ని. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే పైట జారుతుంది, క్లాసు క్లాసంతా చూస్తుంది. ఆ చూపులు పడలేక ఉద్యోగమే మానేద్దామని కాగితం కూడా రాసిపెట్టుకున్నాను.

ఆఖరి ప్రయత్నంగా, ఆ వెలితి కనపడకుండా కుట్టమని అడుగుదామని కొత్త జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. తీరా వెళ్లాక నోరు పెగల్లేదు. ఎప్పటిలాగే పాత ఆది జాకెట్టు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. అడగందే అమ్మైనా పెట్టదని పిల్లలకు వెయ్యిసార్లు చెప్పిన నోరే ఇది! ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

శనివారం ఆమే కబురు పెట్టింది. నేను వెళ్లగానే ఇంటాయన్ని బజారుకి పంపేసి, తలుపు గడియ వేసింది.

"వేసుకోండి టీచరుగారూ."

ఎడమవైపు లోపల జేబులా కుట్టి, అందులో మెత్తటి పాత చీర గుడ్డ మడతలు పెట్టింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాను, కోపంగానే.

"ఒకరు చెప్పాలా అండీ, వీధంతటికీ తెలిసిందేగా. మా అత్తకీ ఇదే. పన్నెండేళ్లుగా కుడుతున్నా. మొదటిసారి ఆవిడా ఇంతే, పాతదే ఆదికి పడేసి మూతి ముడుచుకు కూర్చుంది."

అంతలో వంటింట్లోంచి ఆ అత్తగారి గొంతు ఖంగున వినిపించింది. "మాటలేనా, ఆవిడకి టీ ఇచ్చేదేమైనా ఉందా?"

పన్నెండేళ్లు! నాకు ఏడుపు ఆగలేదు. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు. ఆమె అదేమీ పట్టించుకోకుండా నన్ను చెయ్యెత్తమని, దించమని చెప్పి చూసి, చంక దగ్గర కాస్త వదులు చేసింది.

"పాతది పెట్టెలో పెట్టెయ్యండి. ఈసారి ఇదే ఆదికి తెండి."

సోమవారం మొదటి పీరియడు తొమ్మిదో తరగతి. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా పైట జారింది. లెక్క పూర్తి చేశాకే సర్దుకున్నాను.